నాన్నకూ టీవీకీ మధ్య ఉన్న మనుషులు

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరంలో సోషియాలజీ చదువుతున్నాను. మా నాన్న రిటైరై ఏడాదిన్నర అయింది. లేచింది మొదలు టీవీలో వార్తల చర్చలు, చేతిలో ఫోన్. వాట్సాప్‌లో ఏది వచ్చినా మా కుటుంబం గ్రూపులో పెడతారు. నెల కింద ఒక ఆరోగ్యం మెసేజ్ పెట్టారు. ఫలానా చిట్కా పాటిస్తే గుండెజబ్బు రాదని ఎవరో పెద్ద డాక్టర్ చెప్పాడని అందులో ఉంది. అది అబద్ధమని తేల్చిన లింకు వెతికి, అందరూ చూస్తుండగా గ్రూపులోనే పెట్టాను. 'నాన్నా, పంపే ముందు ఒకసారి చెక్ చేసుకోండి' అని కూడా రాశాను. మా పిన్ని, బాబాయ్ వాళ్లబ్బాయి నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. అరగంటకి నాన్న గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పటినుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. అమ్మేమో తప్పంతా నాదే అంటోంది. తమ్ముడికి ఇవేవీ పట్టవు, రోజంతా రీల్స్ చూస్తుంటాడు. క్లాసులో మాస్ మీడియా మీద ఫంక్షనలిజం (అది సమాజానికి ఏం చేసిపెడుతోంది), సంఘర్షణ సిద్ధాంతం (దానివల్ల ఎవరికి లాభం), ఇంటరాక్షనిజం (మనుషులు ఒకరితో ఒకరు మెలిగే తీరు) అన్నీ చెప్పారు. పరీక్షలో పేజీలు నింపగలను గానీ మా ఇంట్లో ఒక్కటీ పనికిరావట్లేదు. మీడియా మా నాన్న బుర్ర పాడుచేసిందా? ఆయన్ని ఎలా బయటపడేయాలి? ఈ సిద్ధాంతాల్లో అసలు ఏది నిజం? — ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, నా కళ్లు మాత్రం 'అందరూ చూస్తుండగా గ్రూపులోనే పెట్టాను' అన్న చోట ఆగిపోయాయి. మీ సమస్యలో సగం అక్కడే ఉంది. మీరు చదువుతున్న సబ్జెక్టులో కూడా చాలా భాగం అక్కడే ఉంది. అందుకని టీవీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గ్రూపు గురించి మాట్లాడుకుందాం.

ఆ అరగంటని ఒకసారి నాన్నగారి వైపు నుంచి చూడండి. మెసేజ్ పెట్టారు. కాసేపటికి ఫోన్ మోగింది. కూతురు ఏదో రాసిందని తెరిచారు. ఒక లింకు, దాని కింద ఒక మందలింపు. ఇంకా కిందికి జరిపితే మరదలి నవ్వు, తమ్ముడి కొడుకు నవ్వు. తను చేతుల మీద ఎత్తుకున్న పిల్లాడు తనని చూసి నవ్వుతున్నాడు. ఏదైనా రాద్దామంటే వాదించినట్టు ఉంటుంది. మెసేజ్ తీసేద్దామంటే ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఊరుకుందామంటే ఆ నవ్వులు అలాగే తెర మీద ఉంటాయి. ఆ అరగంటలో ఆయన ఏం రాసి చెరిపారో మీకూ నాకూ తెలియదు. మీరు చూసిందల్లా, గ్రూపులో ఆయన పేరు లేకపోవడమే.

మనుషులు నలుగురిలో ఎలా మెలుగుతారో జీవితమంతా పరిశీలించిన సోషియాలజిస్టు ఎర్వింగ్ గోఫ్‌మన్. మీ సిలబస్‌లో ఆయన ఉండే ఉంటాడు. మనం పదిమంది ముందుకి వచ్చినప్పుడు రంగస్థలం మీదికి వచ్చినట్టే వస్తామని, ఒక రూపాన్ని నిలబెట్టుకుంటామని, తెర వెనక్కి వెళ్లాక ఆ బరువు దించుకుంటామని 1950ల్లో రాశాడు. ఆ రూపం పదిమందిలో చెదిరిపోతే కలిగే బాధ మీద ఒక వ్యాసమే రాశాడు. మన భాషకి అది ముందే తెలుసు. మొహం చెల్లకపోవడం, చిన్నబోవడం, తలెత్తుకోలేకపోవడం, ఇవన్నీ ఆ బాధకి మనం పెట్టుకున్న పేర్లే. ఇంట్లో ఉన్నప్పుడు మీరు ఆయన్ని ఇంతకంటే గట్టిగానే అని ఉంటారు, ఆయన నవ్వి ఊరుకునే ఉంటారు. ఎందుకంటే అక్కడ చూసేవాళ్లు లేరు.

ఫోన్‌లోని గ్రూపుకి గోడలుండవు. కూతురితో మాట్లాడే నాన్న, మరదలి ముందు పెద్దరికంగా ఉండే బావగారు, తమ్ముడి పిల్లల దగ్గర పెదనాన్న, వీళ్లందరూ ఒకే మనిషి, కానీ ఒకే గదిలో ఒకేసారి ఉండాల్సిన అవసరం ఇదివరకు రాలేదు. సోషల్ మీడియా మీద పనిచేసిన డేనా బోయ్డ్, ఆలిస్ మార్విక్ లాంటి పరిశోధకులు దీన్ని కాంటెక్స్ట్ కొలాప్స్ అన్నారు. వేర్వేరు సందర్భాల మధ్య ఉన్న అడ్డుగోడలు కూలిపోవడం అన్నమాట. మీరు కూతురిగా రాశారు, ఆయన బావగారిగా చదువుకున్నారు.

మీరు చెప్పిన విషయం తప్పని నేను అనడం లేదు. ఆరోగ్యం గురించిన అబద్ధాన్ని చూస్తూ ఊరుకోకూడదు, ఆ మెసేజ్ నమ్మి ఎవరైనా మందులు మానేస్తే ఎంత ప్రమాదం! మీరు లింకు వెతకడం మంచి పని. దాన్ని పెట్టిన చోటు మాత్రం పొరపాటు. అమ్మ అన్నది కూడా ఇదే అయ్యుంటుంది, ఆవిడ సోషియాలజీ మాటల్లో చెప్పలేదు, అంతే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మీడియా నాన్న బుర్ర పాడుచేసిందా?

ఈ ప్రశ్న వెనక ఒక బొమ్మ ఉంది. ఒకవైపు టీవీ, ఫోన్. ఇంకోవైపు ఒంటరిగా కూర్చున్న ఒక మనిషి. సూదిమందు ఎక్కించినట్టు అటునుంచి ఇటు ఏదో ఎక్కుతోంది. మీ పాఠ్యపుస్తకంలో ఇది 'హైపోడెర్మిక్ నీడిల్' పేరుతో ఉంటుంది. రేడియో కొత్తగా వచ్చిన రోజుల్లో, యుద్ధ ప్రచారాన్ని చూసి భయపడిన చాలామంది ఇలాగే అనుకున్నారు. అయితే 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు సోషియాలజిస్టు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీకి వెళ్లి, 600 మందిని మే నుంచి నవంబరు దాకా నెలనెలా కలిసింది. పత్రికలూ రేడియో జనం ఓటుని ఎలా మారుస్తాయో చూద్దామని వెళ్లారు. ప్రచారం వల్ల అటునుంచి ఇటు మారినవాళ్లు చాలా కొద్దిమందే కనిపించారు. ఆ ఎన్నిక గురించి ఈమధ్య మీకు ఎలా తెలిసిందని అడిగితే, జనం పత్రిక కంటే, రేడియో కంటే ఎక్కువగా ఇంకో మనిషి పేరు చెప్పారు. ఇంట్లోవాళ్లు, పనిచోట స్నేహితులు, పక్కవాళ్లు.

అక్కడినుంచే 'టూ స్టెప్ ఫ్లో' అన్న ఆలోచన వచ్చింది. మీడియాలోని మాట ముందు కొందరికి చేరుతుంది, వాళ్ల నోటి నుంచి మిగతావాళ్లకి చేరుతుంది. ఆ కొందరూ గొప్పవాళ్లేమీ కారు. తర్వాత ఇలినాయి రాష్ట్రంలోని డెకటూర్ అనే ఊళ్లో ఆడవాళ్లతో చేసిన పరిశోధనని ఎలిహూ కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ కలిసి 1955లో ప్రచురించారు. సరుకులు కొనడంలో ఒకరి మాట, బట్టల విషయంలో ఇంకొకరి మాట, సినిమాల విషయంలో మరొకరి మాట చెల్లుతోందని తేలింది. అందరూ మన పక్కనుండే మామూలు మనుషులే.

ఈ ముక్క మీ ఇంటికి చాలా అవసరం. మీరు నాన్నగారినీ టీవీనీ చూస్తున్నారు, మధ్యలో ఉన్న మనుషుల్ని చూడట్లేదు. ఆ ఆరోగ్యం మెసేజ్ ఆయనకి ఎవరు పంపారు? మీరు అడగలేదు. ఆఫీసులో పాతికేళ్లు పక్క టేబుల్ దగ్గర కూర్చున్న స్నేహితుడు పంపి ఉంటే, ఆయన నమ్మింది మెసేజ్‌ని కాదు, ఆ స్నేహితుణ్ణి. మీరు పెట్టిన లింకు మీద ఎవరి మొహమూ లేదు. స్నేహితుడికీ లింకుకీ పోటీ పెడితే, ఏ వయసు వాళ్లైనా స్నేహితుడి వైపే మొగ్గుతారు. మీరూ అంతే, నేనూ అంతే.

ఇంకో సంగతి. నేను మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఇది నా ఊహ మాత్రమే. ఏడాదిన్నర కిందటి దాకా ఆయన రోజూ ఒక చోటుకి వెళ్లేవారు. ఆయన్ని అడిగి పని చేసేవాళ్లు, ఆయన మాట కోసం ఆగేవాళ్లు ఉండేవారు. ఒక్క రోజులో అదంతా ఆగిపోయింది. నలుగురిలో మాట చెల్లడానికి ఇప్పుడు ఆయన చేతిలో మిగిలింది వార్త. ముందుగా తెలుసుకుని నలుగురి చెవిన వేసేవాడికి ఒక చోటు ఉంటుంది. ఆ మెసేజ్‌తో పాటు 'మీ అందరి బాగు నేను కనిపెట్టుకునే ఉన్నాను' అన్న మాట కూడా ఆయన పంపుతున్నారేమో. మీ లింకు మొదటిదాన్ని కొట్టేద్దామని వెళ్లి, రెండోదాన్ని కూడా కొట్టేసింది.

మా అమ్మ చివరి రోజుల సంగతి ఒకటి చెప్తాను. ఆవిడ ఒక గదిలో ఉండేది, టీవీ ఇంకో గదిలో మోగుతూ ఉండేది. ఎవరూ చూడట్లేదు కదా అని నేను వెళ్లినప్పుడల్లా కట్టేసేదాన్ని. ఒకసారి కట్టేసి ఆవిడ గదిలోకి వస్తే, పడుకున్న మనిషి లేచి కూర్చుని ఉంది. "ఉండనీవే, ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుంటుంది" అంది. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఏళ్ల తరబడి మీడియా గురించి పాఠాలు చెప్పినదాన్ని, ఆ శబ్దం ఆవిడకి ఏం చేస్తోందో ఒక్కసారి కూడా అడగలేదు.

1945లో న్యూయార్క్‌లో పేపర్లు వేసేవాళ్లు సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా ఇళ్లకి పేపర్లు రాలేదు. బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు అప్పుడు కొందరిని కలిసి, పేపర్ లేకపోతే మీకు ఏం పోయింది అని అడిగాడు. ప్రపంచం సంగతులు తెలియట్లేదని చాలామంది అన్నారు. సరే, ఏ సంగతి తెలుసుకోలేకపోయారో చెప్పండి అంటే, చెప్పగలిగినవాళ్లు తక్కువ. అసలు పోయింది పొద్దుటి అలవాటు, పదిమందితో కలిసినప్పుడు మాట్లాడటానికి ఒక విషయం, లోకంతో తెగిపోలేదన్న ధైర్యం. ఫోన్ లాక్కోవడం, టీవీ కనెక్షన్ తీసేయడం లాంటి ఆలోచన మీ మనసులో ఉంటే, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ఖాళీలో ఏం పెడతారో తెలియకుండా తీసేస్తే, ఆయన ఇంకా ఒంటరివారవుతారు.

ఇంతవరకు చదివి, అయితే మీడియాది ఏ పాపమూ లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. అది మీ నాన్నగారి బుర్రలో కంటే మీ ఇంటి మాటల్లో ఎక్కువ కనిపిస్తుంది. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని 100 మందిని, దేశంలో ముఖ్యమైన సమస్యలేవి అని అడిగారు. ఆ జాబితానీ, వాళ్లకి అందుతున్న వార్తల్లో దేనికి ఎంత చోటు దొరికిందన్న జాబితానీ పక్కపక్కన పెడితే, రెండూ దాదాపు ఒకే వరుసలో ఉన్నాయి. 1972లో అచ్చయిన ఆ పరిశోధనతోనే 'ఎజెండా సెట్టింగ్' అన్న మాట వచ్చింది. ఏ విషయం మీద ఆలోచించాలో వార్తలు చెప్తున్నాయి, ఆ విషయం మీద మన అభిప్రాయం ఏదైనా సరే.

ఒక వారం రోజులు మీ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఏయే విషయాలు వచ్చాయో రాసుకోండి. అదే రోజు సాయంత్రం టీవీ చర్చల్లో ఏం నడిచిందో పక్కన రాయండి. మీరు నాన్నగారితో గొడవపడ్డ విషయాలు కూడా చాలావరకు ఆ రెండో జాబితాలోంచే వచ్చి ఉంటాయి. మీరు ఆయన్ని వ్యతిరేకించారు, నిజమే, కానీ వాళ్లు వేసిన ముగ్గులోనే నిలబడి వ్యతిరేకించారు. మీ తమ్ముడి చదువు, అమ్మ మోకాళ్ల నొప్పి, నాన్నగారికి పొద్దు ఎలా గడుస్తోందన్నది, ఇవేవీ ఆ జాబితాలో ఉండవు. వాటికి దక్కాల్సిన టైమ్ ఎక్కడికి పోయిందో మీకే తెలుస్తుంది.

ఆ చర్చల్లో అరుపులు ఎందుకంత ఉంటాయో కూడా ఆలోచించండి. డల్లాస్ స్మైత్ అనే కెనడా ఆర్థికవేత్త 1977లో ఒక మాట అన్నాడు. ప్రకటనలతో నడిచే మీడియా అమ్మే సరుకు కార్యక్రమం కాదట, చూసేవాళ్లేనట. కార్యక్రమం పెట్టి మనల్ని కూర్చోబెడతారు, కూర్చున్న మనల్ని ప్రకటనలిచ్చేవాళ్లకి అమ్ముతారు. లేవకుండా ఉంచాలంటే కోపం, భయం బాగా పనిచేస్తాయి. సంఘర్షణ సిద్ధాంతం అని మీరు పేజీలకు పేజీలు రాసేదానికి ప్రాణం ఇక్కడుంది. ఇది పుస్తకంలో ఉండిపోయే విషయం కాదు, మీ హాల్లో రోజూ రాత్రి జరుగుతున్నదే. ఫోన్‌లో ఇది ఇంకా ముదిరింది. టీవీ వాళ్లు ఎంతమంది చూశారో మాత్రమే లెక్కేసుకోగలిగేవారు. ఫోన్‌లోని యాప్ మీ బొటనవేలు ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగిందో కూడా లెక్కేస్తుంది, దాన్నిబట్టి తర్వాతది పెడుతుంది.

రోజుకి గంటల తరబడి టీవీ చూసేవాళ్లకి లోకం ఉన్నదానికంటే ప్రమాదకరంగా, మనుషులు ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తారని మీడియా పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్ అన్నాడు. ఒక్క కార్యక్రమం ఏమీ చేయదు, ఏళ్ల తరబడి ఇంకుతుంది. గెర్బ్‌నర్ లెక్కల మీద విమర్శలూ ఉన్నాయి, భయస్తులే ఇంటిపట్టున ఉండి ఎక్కువ చూస్తారేమోనని. అయినా, ఈమధ్య మీ నాన్నగారు మిమ్మల్ని బయటికి వెళ్లేటప్పుడు మునుపటికంటే ఎక్కువ జాగ్రత్తలు చెప్తున్నారా? చెప్తుంటే దాన్ని చాదస్తం అనుకోకండి. ఆయన నిజంగా భయపడుతున్నారు.

ఇక అబద్ధాల సంగతి. 2018లో 'సైన్స్' అనే పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని జనం ఇంకొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. యంత్రాలతో నడిచే దొంగ ఖాతాల్ని లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. పంపింది మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా, ఒళ్లు జలదరించేలా ఉన్నదాన్ని పక్కవాళ్లకి చెప్పకుండా ఉండలేకపోవడం మనకి యాప్‌లు నేర్పింది కాదు. అవి చేసిందల్లా ఆ తొందరకి ఒక బటన్ ఇవ్వడం, ఎన్నిసార్లు నొక్కితే అంత మంచిదని లెక్క కట్టడం.

నాన్నగారు చూసిందల్లా మింగేస్తారని అనుకుంటున్నారు కదా, అది కూడా ఒకసారి పరీక్షించుకోండి. మీడియా మీద పనిచేసిన స్టువర్ట్ హాల్ 1973లో చెప్పిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. కార్యక్రమం చేసినవాళ్లు పెట్టిన అర్థాన్నే చూసినవాళ్లు తీసుకోవాలని లేదు. కొందరు యథాతథంగా ఒప్పుకుంటారు, కొందరు కొంత ఒప్పుకుని కొంత కాదంటారు, కొందరు పూర్తిగా ఎదురు తిరుగుతారు. తర్వాత డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు బీబీసీ సాయంత్రపు కార్యక్రమాన్ని బ్యాంకు మేనేజర్లకీ, కార్మిక సంఘాల వాళ్లకీ, విద్యార్థులకీ చూపించి వాళ్ల మాటలు విన్నాడు. ఒకే బొమ్మ, ఎవరి జీవితాన్ని బట్టి వాళ్లకి ఒక్కోలా కనిపించింది. నాన్నగారు చర్చ చూస్తూ మధ్యలో ఏమంటారో ఎప్పుడైనా విన్నారా? 'వీడు డబ్బు తీసుకుని మాట్లాడుతున్నాడు', 'ఇది నిన్న ఇంకోలా చెప్పారు'... ఇలాంటివి తప్పకుండా అంటూ ఉంటారు. అది విమర్శ. డిగ్రీలో మీకు నేర్పుతున్నది కూడా అదే పని, ఆయన ఇంటి భాషలో చేస్తున్నారు. మీరు పక్క గదిలో ఉండటం వల్ల అది మీ చెవిన పడట్లేదు.

ఫిలిప్స్ డేవిసన్ అనే సోషియాలజిస్టు 1983లో ఇంకో విషయం గమనించాడు. మీడియా ప్రభావం ఎవరి మీద ఎక్కువ అని అడిగితే, మనుషులు దాదాపు ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే అంటారు. మీ ఉత్తరంలో నాన్న ఉన్నారు, తమ్ముడు ఉన్నాడు, మీ ఫోన్ గురించి మాత్రం ఒక్క మాటా లేదు. తప్పుపట్టడానికి అనట్లేదు. ఆ లింకు మీరు గ్రూపులో పెట్టడానికి కారణాల్లో ఒకటి, నలుగురిలో సరిదిద్దితే చప్పట్లు పడే చోట మీరు రోజూ గంటలు గడపడం అయ్యుండొచ్చు. అక్కడ తప్పు పట్టుకున్నవాళ్లకి లైకులు వస్తాయి. ఫేస్‌బుక్‌లో ఆ లైక్ బటన్ వచ్చింది 2009లో, అప్పటికి మీరు చిన్నపిల్ల. అభిప్రాయం చెప్పడం అంటే పదిమంది ముందు చెప్పడమే అన్న అలవాటుతో మీ తరం పెరిగింది. సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో ఒక వివాదాస్పద విషయం గురించి అమెరికన్లని అడిగితే, 86 శాతం మంది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటానికి సిద్ధమన్నారు. ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడేవాళ్లలో అక్కడ రాయడానికి సిద్ధపడింది 42 శాతమే. చాలామందికి ఇంకా మాట అంటే ముఖాముఖి మాటే. నాన్నగారూ వాళ్లలో ఒకరై ఉండొచ్చు.

తమ్ముడి గురించి పెద్దగా చెప్పను. రీల్స్ చూసినంత మాత్రాన పిల్లలు చెడిపోతారని గట్టిగా చెప్పే రుజువులు లేవు, ఏమీ కాదని చెప్పేవీ లేవు. 2018లో అమెరికాలో కొందరి చేత 4 వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూస్తే, ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిపిన టైమ్ పెరిగింది, మనసు కాస్త కుదుటపడింది, వార్తల మీద పట్టు మాత్రం తగ్గింది. మార్పు ఉంది, అద్భుతమేమీ జరగలేదు. వాడి నిద్ర, చదువు, బయట ఆడుకోవడం దెబ్బతింటున్నాయా అన్నది చూడండి. అవి బాగుంటే కొన్నాళ్లు వదిలేయండి. ఇంట్లో ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు.

ఇప్పుడు ఏం చేయాలి? ముందు నాన్నగారి దగ్గరికి వెళ్లి, ఎవరూ లేనప్పుడు, "నాన్నా, ఆ రోజు అందరి ముందూ అలా రాయకుండా ఉండాల్సింది" అని చెప్పండి. అంతవరకే. దాని వెనక 'కానీ ఆ మెసేజ్ మాత్రం తప్పే' అని తగిలించకండి, ఆ 'కానీ' మొత్తాన్నీ చెరిపేస్తుంది. ఆయన ఊఁ అని ఊరుకున్నా సరే, వచ్చేయండి.

తర్వాత కొన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని ఆ చర్చ పూర్తిగా చూడండి. మీ ఫోన్ ఇంకో గదిలో పెట్టి రండి. తప్పులు వెతకడానికి కూర్చోవద్దు, ఆయన ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ చిరాకుపడతారో చూడటానికి కూర్చోండి. ఆయన ఏదైనా అంటే 'ఎందుకలా అనిపించింది నాన్నా' అని అడగండి. కొన్నాళ్లకి మీరే ఒక ప్రశ్న వేయొచ్చు: ఈ గంటలో అసలు రాని విషయం ఏముంది? నాకు తెలిసి రిటైరైన మనిషికి ఈ ప్రశ్న చాలా నచ్చుతుంది. పని చేసిన అనుభవం ఉన్నవాళ్లకి, ఏది దాస్తున్నారో కనిపెట్టడం పిల్లల కంటే బాగా వచ్చు.

మెసేజ్‌ల విషయంలో అబద్ధమా నిజమా అన్న వాదన దగ్గర మొదలుపెట్టకండి. ఎవరు పంపారు అన్న దగ్గర మొదలుపెట్టండి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ కనీసం ఐదు చేతులు మారి వస్తే, దాని మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ గుర్తు ఆయనకి చూపించి, 'ఇది మీ స్నేహితుడు రాసింది కాదు నాన్నా, ఆయనకీ ఎక్కడినుంచో వచ్చింది' అని చెప్పండి. స్నేహితుడి మీద ఆయన నమ్మకం అలాగే ఉంటుంది, మెసేజ్ మాత్రం పక్కకి జరుగుతుంది. ఆరోగ్యం సంగతి అయితే, ఆయనకి గురి ఉన్న డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చేతే అడిగించండి. జవాబు తెచ్చేది ఆయనే అయితే, గ్రూపుకి చెప్పేది కూడా ఆయనే అవుతారు.

ఇదంతా చేసినా ఆయన కొన్ని నమ్మకాలు మార్చుకోకపోవచ్చు. మీకు నచ్చని పార్టీ, మీకు నచ్చని యాంకర్ అలాగే ఉండొచ్చు. అది ఆయన ఇష్టం. ఎవరికైనా హాని చేసే అబద్ధం దగ్గర మాత్రం వెనక్కి తగ్గకండి, ఒంటరిగా ఉన్నప్పుడు గట్టిగానే చెప్పండి.

పరీక్ష సంగతి అడిగారు కదా. ఏ సిద్ధాంతం నిజం అని కాకుండా, ఏది దేన్ని చూపిస్తోంది అని రాయండి. టీవీ మోగుతుంటే మా అమ్మకి దొరికిన అలికిడి ఫంక్షనలిజంలో కనిపిస్తుంది. ఆ చర్చలో అరుపులు ఎవరి లాభం కోసమో సంఘర్షణ సిద్ధాంతంలో కనిపిస్తుంది. నాన్నగారు గ్రూపులోంచి వెళ్లిపోయిన ఆ అరగంట ఇంటరాక్షనిజం లేకపోతే అర్థమే కాదు. మీరు రాసే జవాబులో మీ ఇంటి పేరు రానక్కర్లేదు, కానీ ఇల్లు చూసి రాసిన జవాబుకీ బట్టీపట్టి రాసినదానికీ తేడా దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది.

చివరిగా ఒకటి. ఆయన్ని తిరిగి గ్రూపులో చేర్పించే పని మీరు పెట్టుకోకండి. మీ పిన్నికి ఫోన్ చేసి, ఆ నవ్వు బావగారికి ఎలా తగిలిందో నెమ్మదిగా చెప్పండి, ఆవిడ చేతే ఆయన్ని పిలిపించండి. ఆయన తిరిగి వచ్చాక పెట్టే మొదటి మెసేజ్ ఏదైనా కావచ్చు, పాత ఫొటో కావచ్చు, శుభోదయం కావచ్చు. దానికి అందరికంటే ముందు జవాబు మీ నుంచి వెళ్లాలి.